స్నానాల దడికి విమానం రేకు

మా స్నానాల దడికి తలుపు ఆకాశం నుంచి వచ్చింది. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు ముందు నా మొహం, తర్వాత మా ఆయన మొహం, ఆ తర్వాత తలుపు మొహం చూసేవారు. ముగ్గురిలోకీ తలుపునే నమ్మేవారు. దాని మీద రైల్వే నంబరు ఉంది మరి. ఆ నంబరు వేసింది మా ఆయనే.

నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి, ఖరగ్‌పూర్‌లోనే రైల్వే క్వార్టర్లో కాపురం చేసినదాన్ని. ప్రమాదమంటే ఏమిటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. యార్డులో ఒక వ్యాగన్ పట్టాలు తప్పితే చాలు, సైరన్ ఎన్నిసార్లు మోగిందో పిల్లలు కూడా వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఎంత పెద్ద ప్రమాదమో చెప్పేసేవారు. రిలీఫ్ బండి కదిలేది. మర్నాడు ఎంక్వయిరీ మొదలయ్యేది. వారం తిరిగేసరికి కారణం దొరికేది. ఆ కారణానికి ఎప్పుడూ రెండు కాళ్ళు, చేతిలో ఒక లాంతరు, ఇంటి దగ్గర నలుగురు పిల్లలు ఉండేవారు. గ్యాంగ్‌మన్ కాకపోతే పాయింట్స్‌మన్. ఇంతమంది పెద్ద ఆఫీసర్లు ఉన్నారు కదా, వాళ్ళలో ఒక్కరి వల్ల ఒక్క చక్రమైనా పట్టా దిగిందని నేను ఇంతవరకూ వినలేదు.

విమానాల సంగతి అలా కాదు. ఊరు దాటి సాలచెట్లు మొదలయ్యే వైపు యుద్ధ విమానాలు దిగే మైదానం ఒకటి ఉంది. ఎనభైల్లో మా పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పటి నుంచీ పొద్దున్న తొమ్మిదింటికల్లా అవి జంటలుగా మా నెత్తి మీంచి వెళ్ళేవి. వెళ్ళినప్పుడల్లా అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకునేవి, పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు, దేశం క్షేమంగా ఉందని మాకు తెలిసేది. అప్పుడప్పుడు ఏదో పొలంలో ఏదో పడిందట అని పాలవాడు చెప్పేవాడు. నాకప్పుడు అక్షరాలు రావు. మర్నాడు ఎవరి చేతో పేపరు చదివించుకుంటే అందులో పొలమూ ఉండేది కాదు, పడిందీ ఉండేది కాదు. రైళ్ళకి ప్రమాదాలు ఉంటాయి, విమానాలకి పుకార్లు మాత్రమే ఉంటాయి అని అలా నేర్చుకున్నాను.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. అందుకని బావా అనే పిలుస్తాను. ఆయన కార్ఖానాలో పెయింటరు. బాగుచేసిన వ్యాగన్లకి రెడ్ ఆక్సైడ్ కొట్టడం, అది ఆరాక స్టెన్సిల్ రేకు ఆనించి తెల్లరంగుతో రైల్వే అక్షరాలూ నంబరూ వేయడం ఆయన పని. ముప్పై ఏళ్ళు అదే పని చేసిన చెయ్యి ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా? మా నీళ్ళ డ్రమ్ముకి రెడ్ ఆక్సైడ్. ట్రంకు పెట్టెకి రెడ్ ఆక్సైడ్. బొగ్గుల డబ్బాకి రెడ్ ఆక్సైడ్. అన్నిటికీ నంబర్లు. పాత స్టెన్సిల్ రేకులు పారెయ్యడం ఆయన వల్ల కాదు, అవన్నీ మంచం కింద ఉండేవి. పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ గోడ మీంచి చూసి, "దీదీ, నువ్వు కదలకుండా కూర్చోకు. నీకూ నంబరు వేస్తాడు" అని నవ్వేది.

తొంభైలు మొదలైన కొత్తలో మా ఊళ్ళోనే ఖరిదా పేటలో చర్చి వరండా మీద ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు పెద్ద ఆడవాళ్ళకి తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి రైల్వేలో చేరిన క్రైస్తవులు. నలభై దాటాక నేను పలక పట్టుకున్నాను. "చదువు వస్తే మీ చేత ఎవరూ దొంగ కాగితం మీద వేలిముద్ర వేయించలేరు" అని ఆవిడ రోజూ అనేది. ఆ కాగితం నా కోసం అంత తొందరపడి వస్తుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఆ చలికాలం ఒక పొద్దున్న పెరట్లో నులకమంచం మీద గుడ్డ పరిచి నేను బూడిద గుమ్మడి వడియాలు పెడుతున్నాను. గోడకవతల పక్కింటావిడ బొడి పెడుతోంది. అవీ వడియాలే గానీ, మేదినీపూర్ వాళ్ళు వాటిని హారాల్లాగా, జుమికీల్లాగా తిప్పి పెడతారు. వేయించుకునే ముందు ఒకసారి మెడలో వేసుకు చూడాలనిపిస్తుంది. తొమ్మిదింటి జంట వచ్చింది. ముందుది వెళ్ళిపోయింది. రెండోది కూడా దాటాక దాని వెనక బూడిదరంగు ముక్క ఒకటి ఉండిపోయింది. కాగితం అనుకున్నాను. అది చేట తిరిగినట్టు తిరుగుతూ, తాపీగా, క్వార్టరు నంబర్లు చూసుకుంటున్నట్టు దిగివచ్చి, గోడ అంచుకి కొట్టుకుని, ఆవిడ హారాలు సగమూ నా వడియాలు మొత్తమూ తీసుకుని, నులక తెంపుకుని మంచం కింద పడింది. నేను రెండడుగులు ఇవతల ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

"ఓ మా గో! ఎటా కీ పొడ్లో? ఇదేం పడింది?" అని పక్కింటావిడ అరిచింది.

"ఏటో మరి. పైవాళ్ళు పంపినారు" అన్నాను. అంతకన్నా ఏమనాలో తోచలేదు.

సగం తలుపంత రేకు అది. ఇనుము కాదు, తేలిగ్గా ఉంది. ఒక పక్కన నల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. నాకు తెలుగే అప్పుడప్పుడే కూడబలుక్కోవడం వస్తోంది, ఇంగ్లీషు మాట అడక్కండి.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన అన్నం సంగతి మర్చిపోయి ఆ రేకు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అంచుల వెంబడి వేలు పోనిచ్చి చూశాడు.

"ఏటి బావా, పెళ్ళిసూపులకి వచ్చినట్టు సూస్తన్నావు?"

"ఈ పక్క బెజ్జాలు సూడు. సీలిపోనాయి. గాలి లాగీసింది. ఇప్పుడు ఈ పక్కవి సూడు. గుండ్రంగా ఎలాగున్నవి అలాగే ఉన్నాయి. వీటిలో స్క్రూ ఎక్కిందే నేదు."

"అంటే?"

"అంటే ఎవడో ఒక పక్క బిగించినాడు. టీకి పిలిసుంటారు. ఎల్లిపోనాడు. తిరిగొచ్చి రెండో పక్క మర్సిపోనాడు."

"మరి ఎగిరే ముందు ఎవరూ సూసుకోరేటి?"

"సూసుకుంటారు. అన్నీ బిగించినాం అని కాగితం మీద సంతకం ఉంటాది. కాగితం మీద స్క్రూలు ఎప్పుడూ ఊడవే. మన దగ్గర మటుకు అలాగ కాదేటి?"

ఎవరైనా వచ్చి తీసుకెళ్తారని మూడు రోజులు చూశాం. ఎవరూ రాలేదు. నేనే ఊళ్ళో పోలీసు ఠాణాకి వెళ్ళాను. పడింది రైల్వే జాగాలో కాబట్టి తమకి సంబంధం లేదన్నారు. రైల్వే కాపలా దళం ఠాణాకి వెళ్ళాను. అక్కడి రైటరు పెన్ను తీసి, ఏ రైలు నుంచి పడిందని అడిగాడు. రైలు నుంచి కాదు బాబూ, ఆకాశం నుంచి అన్నాను. ఆకాశానికి తన పుస్తకంలో గడి లేదని చెప్పి పెన్ను మూసేశాడు. ఆదివారం మా ఆయన సైకిలు తొక్కుకుంటూ విమానాల మైదానం గేటు దాకా వెళ్ళాడు. మా దగ్గర ఏదీ పోలేదు అన్నాడట సెంట్రీ. లోపల అడక్కుండానే నీకెలా తెలుసయ్యా అంటే, పోయి ఉంటే పోయిందని మాకు చెప్పేవాళ్ళు కదా అన్నాడట. ఆ రేకుని ఇవ్వడానికి అలా మూడు గుమ్మాలు ఎక్కాం. వద్దన్న ముగ్గురిలో ఇద్దరు తర్వాత అదే రేకు కోసం మా గుమ్మం ఎక్కారు.

మా పెరట్లో స్నానాల దడికి అప్పటిదాకా గోనెపట్టా వేలాడేది. ఈ రేకు కొలిచినట్టు సరిపోయింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా, దాచవలసింది దాచి మిగతాది వదిలేసేది. మా ఆయన బందులు కొట్టి నిలబెట్టాడు. అక్కడితో ఆగితే మాకు ఏ గొడవా లేకపోను. రెండు కోట్లు రెడ్ ఆక్సైడ్ వేశాడు. అది ఆరాక మంచం కింద నుంచి స్టెన్సిల్ రేకు తీశాడు.

"తలుపుకి నంబరెందుకు బావా?"

"నంబరు నేని రేకు ఎవడైనా ఎత్తుకుపోతాడే. నంబరుంటే రైల్వేది అని బయపడతారు."

నిజమే, దొంగలు భయపడ్డారు. పోలీసులే భయపడలేదు.

నెల తిరక్కుండానే కార్ఖానాలో ఇత్తడి బేరింగులు మాయమయ్యాయని కాపలా దళం వాళ్ళు క్వార్టర్లన్నీ సోదా చేశారు. వాళ్ళ ఇన్‌స్పెక్టరుకి కనిపించిన వస్తువునల్లా బెత్తంతో కొట్టి చప్పుడు వినే అలవాటు. మా డ్రమ్ము కొట్టాడు, పెట్టె కొట్టాడు, దడి తలుపు కొట్టాడు. అది ఇనుములా మోగలేదు. మళ్ళీ కొట్టాడు. నంబరు చదివాడు. కార్ఖానా అక్షరాలు చదివాడు. వాటి కింద స్టెన్సిల్లోనే ఉన్న రిపేరు నెలా సంవత్సరమూ కూడా చదివాడు. మా ఆయన పనిలో లోపం అంటూ ఉండదు.

"ఎక్కడిది ఇది?" అన్నాడు హిందీలో.

"ఆసమాన్ సే" అన్నాను నేను.

కానిస్టేబుళ్ళు నవ్వారు. "ఆకాశంలో కూడా మన కార్ఖానా ఉందా, మాఁజీ? మాకు తెలీనేలేదు. అక్కడ ఓవర్‌టైము ఇస్తారా?" అన్నాడు ఒకడు.

దాని కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, రంగు గీకి చూడండి అన్నాను. సాక్ష్యాన్ని గీకడం నేరం అన్నాడు ఇన్‌స్పెక్టరు. తలుపు మూసి, గుడ్డపేలిక చుట్టి, లక్క కరిగించి ముద్ర వేయించాడు. ఎంక్వయిరీ అయ్యేదాకా ఎవరూ తెరవకూడదట. లోపల నా బకెట్టు, చెంబు, కొత్త సబ్బు, మా ఆయన లుంగీ ఉండిపోయాయి. ఏ దేశంలోనైనా స్నానాల దడికి సర్కారు ముద్ర పడిందేమో నాకు తెలియదు. ఆ రోజు నుంచి నేను పక్కింట్లో స్నానం చేశాను. పక్కింటావిడ నీళ్ళు ఇచ్చింది, సబ్బు ఇచ్చింది, ఆఖరికి తలకి నూనె కూడా ఇచ్చింది. సాక్ష్యం మాత్రం ఇవ్వనంది. ఆవిడ మొగుడిదీ రైల్వేయే. "ఆమి కిచ్ఛు దేఖి నీ, దీదీ. నేనేం చూడలేదు" అని ముందే చెప్పేసింది. సగం విరిగిన హారాలు అప్పటికింకా వాళ్ళ వంటింట్లో డబ్బాలో ఉన్నాయి.

మా ఆయన్ని సస్పెండ్ చేశారు. దొంగతనం అని రుజువైతే ఉద్యోగం పోతుంది. రిటైరవడానికి రెండేళ్ళుంది, అప్పుడొచ్చే పెన్షనూ పోతుంది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. శ్రీకాకుళం వైపు మాకు ఉన్నదల్లా పెద్దవాళ్ళ నోట విన్న ఊరి పేరు ఒక్కటే. ఆ వయసులో ఆ పేరు పట్టుకుని ఎక్కడ దిగుతాం?

కాపలా దళం రైటరు ఒక కాగితం తెచ్చాడు. నేను చెప్పినదంతా అందులో హిందీలో రాశానని, కింద బొటనవేలు పెట్టమని సిరా డబ్బా ముందుకు జరిపాడు. చదివి వినిపించమన్నాను. నా భర్త ఈ రేకుని కార్ఖానా నుంచి తెచ్చాడు, నాకు మరేమీ తెలియదు అని ఉంది. ఎంత చక్కగా కుదించాడో. వేలిముద్ర రోజుల్లో అయితే పని అయిపోయేది.

"నాకు సంతకం వచ్చు" అన్నాను.

"అయితే సంతకం పెట్టు, మాఁజీ."

"చదవలేని కాగితం మీద సంతకం పెట్టను. తెలుగులో రాసి తీసుకురా."

అతను సిరా డబ్బా మూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, ఈ చదువులు చెప్పేవాళ్ళకి వేరే పని లేదా అన్నాడు.

ఆ వారమే రైల్వే రాసిన ఉత్తరానికి విమానాల వాళ్ళ దగ్గర నుంచి జవాబు వచ్చిందని కార్ఖానా గుమాస్తా చెప్పాడు. తమ విమానాలన్నీ వెళ్ళినవి వెళ్ళినట్టే పూర్తిగా తిరిగి వచ్చాయని, దేని నుంచీ ఏదీ పడలేదని రాశారట. విమానానిది కాకపోతే రైల్వేదే కావాలి. ఈ లోకంలో రేకులు రెండే రకాలు.

ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని నేను మా ఆయనకి చెప్పాను.

"ఎంక్వయిరీలో ఆ బెజ్జాల సంగతి సెప్పు బావా. స్క్రూలు ఎలాంటివో, ఎందుకు ఊడిందో నువ్వు సెబితే ఇమానందే అని తేలిపోతాది."

"సెప్పను."

"ఏటీ?"

"సెబితే ఎతుకుతారు. మర్సిపోనోడు దొరుకుతాడు. ఆడి ఉద్దోగం పోతాది."

"నీది పోతే?"

"నేను దొంగతనం సెయ్యనేదు. నాదెందుకు పోతాది?"

"ఇన్నేళ్ళూ ఎంక్వయిరీల్లో ఇంటికి పోనోళ్ళందరూ తప్పు సేసే పోనారేటి?"

"మా షాపులో ఫిట్టరు ఒకడు ఒక్క పిన్ను మర్సిపోనాడు, ఇంటికి పంపీసినారు. ఇరవయ్యేళ్ళయింది. ఈ పొద్దుకీ ఆడెక్కడున్నాడో ఎవరికీ తెల్దు. ఈ స్క్రూ మర్సిపోనోడికీ ఇంట్లో పెళ్ళాం ఉంటాదే" అన్నాడు.

"ఉంటాది. ఆవిడ స్నానాల దడికి తలుపు కూడా ఉంటాది. నాకు రేపు మొగుడి ఉద్దోగమూ నేక, తలుపూ నేక ఏటి సెయ్యమంటావు?"

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఇంత ధర్మం చేసే ఆయన, నా వడియాలు పోయినప్పుడు అయ్యో అని కూడా అనలేదు.

ఎంక్వయిరీకి ముగ్గురు వచ్చారు. రైల్వే తరఫున ఒక ముసలి బెంగాలీ సాహెబు; పట్టాలు తప్పిన బండ్లకి కారణాలు కనిపెట్టడంలో జుట్టు నెరిసిన మనిషి. బెత్తంతో ఇన్‌స్పెక్టరు. విమానాల తరఫున ఒక కుర్ర ఆఫీసరు. బూట్లలో మొహం చూసుకోవచ్చు. ఇది మాది కాదు అని సంతకం పెట్టి వెళ్ళిపోవడానికి వచ్చాడు. జీపు ఇంజను ఆపించలేదు కూడా. ముగ్గురూ మా స్నానాల దడి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆ దడికి అంత మర్యాద అంతకు ముందు జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

సాహెబు మా ఆయన్ని అడిగాడు. "ఇది ఎక్కడిది?"

"పై నుంచి పడింది సార్."

"నంబరు ఎవరు వేశారు?"

"నేనే సార్."

"రైల్వేది కాకపోతే రైల్వే నంబరు ఎందుకు వేశావు?"

మా ఆయన ఆలోచించి, "అలవాటు సార్" అన్నాడు. ఇన్‌స్పెక్టరు బెత్తం తొడ మీద కొట్టుకుని నవ్వాడు. సాహెబు నవ్వలేదు, రాసుకున్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా?"

నేను మా ఆయన వైపు చూశాను. బెజ్జాలు ఆయనకి మూరెడు దూరంలో ఉన్నాయి. ఆయన తన కాళ్ళ వైపు చూసుకుంటూ, "ఏటీ నేదు సార్" అన్నాడు.

కుర్ర ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశాడు. ఇంకేం ఆగమంటారు? వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ తెచ్చి తలుపు గీకడం మొదలుపెట్టాను. "సీలు, సీలు!" అని కానిస్టేబులు అరిచాడు. సీలు జోలికి నేను పోలేదు. "ఓసే, రెండు కోట్లు ఏసినానే!" అని మా ఆయన అంతకన్నా గట్టిగా అరిచాడు. ఎంక్వయిరీ మొత్తంలో ఆయన గొంతు పెంచింది అప్పుడే. ఎర్రరంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద బూడిదరంగు కనిపించింది. బూడిదరంగు మీద నల్లటి అక్షరాలు.

సాహెబు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. "ఇక్కడ కాలు పెట్టరాదు అని రాసుంది" అని మాకు హిందీలో చెప్పి, కుర్ర ఆఫీసరు వైపు తిరిగి, "మా వ్యాగన్ల మీద ఎవరైనా ఎక్కడైనా కాలు పెట్టవచ్చు. ఇలా రాయడం మాకు అలవాటు లేదు" అన్నాడు.

కుర్ర ఆఫీసరు లేచి వచ్చి రేకు ముట్టుకున్నాడు. అంచు వెంబడి వేలు పోనిచ్చాడు. మా ఆయన పోనిచ్చినట్టే. గుండ్రటి బెజ్జాల దగ్గర వేలు ఆగింది. వెళ్ళి జీపు ఇంజను ఆపమన్నాడు.

"మాదే కావచ్చు" అన్నాడు తిరిగొచ్చి.

"అయితే ఎందుకు పడింది? కారణం గడి ఖాళీగా ఉంచకూడదు" అన్నాడు సాహెబు.

అన్నేళ్ళ నుంచీ ఆ గడిలో ఎవరిని పెడతారో మా అందరికీ తెలుసు. అక్కడ పెట్టవలసిన మనిషి మైదానంలో ఎక్కడో స్క్రూలు బిగించుకుంటూ ఉన్నాడు. అతను దొరక్కపోతే పెట్టడానికి మా ఆయన ఇక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్ర ఆఫీసరు కాసేపు ఆకాశం వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"మాఁజీ, ఆ రోజు ఆకాశంలో పక్షి ఏదైనా కనిపించిందా?"

"పచ్చులు రోజూ ఉంటాయి బాబూ."

"విమానానికి దగ్గరగా?"

"ఎంత దగ్గరుంటే మీకు పనికొస్తాది?"

పక్షి గుద్దితే రేకు ఊడడం మామూలేనని, అందులో ఎవరి తప్పూ ఉండదని అతను సాహెబుకి వివరించాడు. సాహెబు మొహం విప్పారింది. జీవితమంతా కారణాలు రాసిన మనిషికి ఇంత మంచి కారణం ఎన్నడూ దొరికి ఉండదు. దానికి ఛార్జిషీటు ఇవ్వక్కర్లేదు, జవాబు అడగక్కర్లేదు, దాని తరఫున యూనియన్ రాదు.

"కాకా?" అన్నాడు పెన్ను ఎత్తి.

"కాకికి ఇంత రేకు ఊడదు" అన్నాడు కుర్ర ఆఫీసరు.

మా ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆ పొద్దున్న ఆకాశంలో పిచ్చుక కూడా లేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుర్తే, వడియాలు పెట్టేటప్పుడు పిట్టల కోసమే కదా పైకి చూస్తూ ఉంటాం.

"అయితే గెద్దే బాబూ" అన్నాను. "పెద్దది. రెక్కలు ఇంతలేసి." రెండు చేతులూ చాపి చూపించాను.

గోడకవతల నుంచి పక్కింటావిడ తల లేచింది. "హ్యాఁ, హ్యాఁ, చిల్! ఆమియో దేఖేఛి!" అంది. రేకుని చూడని మనిషి గద్దని చూసింది.

సాహెబు మమ్మల్ని రాసిమ్మన్నాడు. ఇన్‌స్పెక్టరు సిరా డబ్బా కోసం చూస్తుంటే, నేను రాస్తాను అన్నాను. కాగితం తొడ మీద పెట్టుకుని తెలుగులో రాశాను. ఫలానా రోజు పొద్దున్న విమానాన్ని పెద్ద గద్ద గుద్దగా ఈ రేకు మా పెరట్లో పడినది, నా భర్త దొంగ కాదు. అంతే. ఆ రెండు ముక్కలు రాసేసరికి నేను వాళ్ళకిచ్చిన టీలు మూడూ చల్లారిపోయాయి. పలక మీద కాకుండా కాగితం మీద, నా అంతట నేను రాసిన మొదటి రాత అది. అందులో సగం అబద్ధం. దొంగ కాగితం మీద వేలిముద్ర వేయకుండా ఉండడానికే టీచరమ్మ నాకు చదువు నేర్పింది. దొంగ కాగితం నేనే రాయాల్సి వస్తే ఏం చెయ్యాలో ఆవిడ పాఠాల్లో లేదు.

కుర్ర ఆఫీసరు ఆ రేకు రైల్వేది కాదు, తమదే అని రాసి సంతకం పెట్టాడు. లక్క ముద్ర పగలగొట్టి, బందులు ఊడదీసి రేకుని జీపులో వేసుకున్నారు. వెళ్ళేముందు అతను మా ఆయన దగ్గర ఆగి ఏదో అడగబోయాడు. ఆ గుండ్రటి బెజ్జాల సంగతి మా ఆయనకి తెలుసా అని అయి ఉంటుంది. మా ఆయన ఇన్నాళ్ళూ దడిలో ఉండిపోయిన లుంగీ దులుపుకుంటూ, "నాకేటీ తెల్దు సార్, నేను పెయింటర్ని" అన్నాడు.

జీపు వెళ్ళాక ఆయన ఖాళీ దడి ముందు నిలబడి అడిగాడు.

"నిజంగా గెద్దని సూసినావేటే?"

"నువ్వు స్క్రూ బెజ్జాలు సూడనేదు గదా. నేను గెద్దని సూసినాను."

పది రోజుల్లో ఆయన డ్యూటీలో చేరాడు. సస్పెన్షన్ ఎత్తేశారు. దడికి మళ్ళీ గోనెపట్టా కట్టాను. మంచానికి కొత్త నులక అల్లించాను. విమానాలు తొమ్మిదింటికి వెళ్తూనే ఉన్నాయి, ఇప్పుడు వాటికి అన్ని స్క్రూలూ ఉన్నాయనే అనుకుంటున్నాను.

కొన్నాళ్ళకి ఖరిదా బజారుకి మాంసం కోసం వెళ్తే నేను ఎప్పుడూ కొనే కొట్టు ముందు జనం లేరు. కొట్టు చుట్టూ కొత్తగా రేకులు కట్టి ఉన్నాయి. బయట వేలాడదీయకూడదు, చెత్త మూతపెట్టాలి, పొద్దున్న పదింటి దాకా కొట్టు తెరవకూడదు అని నోటీసు వచ్చిందట. మాంసం వాసనకి గద్దలు చేరుతున్నాయట, అవి వెళ్ళి విమానాల్ని గుద్దుతున్నాయట.

"ఇరవై ఏళ్ళ నుంచి కొడుతున్నాను దీదీ. గద్ద నా కొట్టు మీంచి కార్జం ఎత్తుకెళ్ళడం చూశాను. విమానాన్ని గుద్దడం ఎన్నడూ చూడలేదు" అన్నాడు కొట్టతను. "ఎవరో కళ్ళారా చూశామని రాసిచ్చారట. ఎవరై ఉంటారంటావు?"

"ఎవరో సదువుకున్నోళ్ళే అయ్యుంటారు" అన్నాను.

అతను కత్తి మొద్దు మీద గట్టిగా దించి, చదువుకున్నవాళ్ళందరినీ కలిపి బెంగాలీలో ఒక మాట అన్నాడు. మాంసం మాత్రం ఎప్పటిలాగే మంచి ముక్కలు చూసి కొట్టిచ్చాడు.